పనితూకం

పనితూకం అనే యంత్రం మొట్టమొదట తూచిన మనిషి గొర్లె సూరిబాబు. ఆ యంత్రాన్ని కనిపెట్టిన నీహారికకు అతను సొంత అన్న, ఆమెకన్నా పదమూడేళ్లు పెద్ద. విశాఖపట్నంలో సముద్రం వైపు కిటికీలున్న ఒక ప్రయోగశాల రెండో అంతస్తుకు, ఒక శుక్రవారం ఉదయం, అతను చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. చెప్పులు వేసుకునే రావచ్చని ఇద్దరు ముగ్గురు చెప్పినా వినలేదు. నీహారిక అతని తలకు మెత్తని పట్టీ కట్టి, రెండు చేతులకూ పల్చటి తొడుగులు వేసింది.

ఎదురు గోడ నిండా ఒక బాయిలర్ గది బొమ్మ వెలిగింది. ప్రెషర్ ముల్లు, నీటి మట్టం చూపే గాజుగొట్టం, చెరకు పిప్పి మండుతున్న కొలిమి, వాల్వులు, అన్నీ అసలు కొలతల్లోనే ఉన్నాయి. కొలిమి మోత కూడా వినిపిస్తోంది. డ్యూటీలో ఎలా చేస్తాడో అలాగే చెయ్యమంది నీహారిక. సూరిబాబు కాసేపు ఆ గోడను అనుమానంగా చూశాడు. తర్వాత అది గోడ అన్న సంగతే మరిచిపోయాడు.

పక్క గదిలో తెర మీద రెండు గీతలు నడిచాయి. ఒకటి బాయిలర్‌లో జరుగుతున్నది, రెండోది అతని నరాలలో జరుగుతున్నది. నాలుగో నిమిషంలో మంట రంగు కొంచెం మారింది. ముల్లు ఇంకా కదల్లేదు. గాజుగొట్టంలో నీళ్లు ఉన్న చోటనే ఉన్నాయి. సూరిబాబు కుడిచేతి నరాలు మాత్రం నీటి వాల్వు తిప్పడానికి అప్పటికే సిద్ధమైపోయాయి. పని తెలియనివాడి చెయ్యి ముల్లు కదిలాక మేలుకుంటుంది. తెలిసినవాడి చెయ్యి ముందే మేలుకుంటుంది. ఎంత ముందు అన్నది కొలిచి ఒక అంకెగా చెప్పడమే పనితూకం చేసే పని. పదకొండు నిమిషాలయ్యాక తెర మీద తొంభై నాలుగు అని పడింది.

ఆ మరుసటి వారం, అదే కర్మాగారంలో సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంటు పైడినాయుడిని పిలిచి తూచారు. అతనికి యాభై ఒకటి వచ్చింది.

నీహారిక ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తొమ్మిదేళ్లు ఆమె పనిచేసింది ఆ తేడా కోసమే. అనకాపల్లి అవతల మహోదయ చక్కెర కర్మాగారంలో అన్న ఇరవై రెండేళ్లుగా హెల్పరు. గోడ మీద అద్దాల ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్ పైడినాయుడిది. ఫ్యాను కింద కూర్చుని లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది అతను, నిప్పు దగ్గర నిలబడి బాయిలర్ నడిపేది సూరిబాబు. సర్టిఫికెట్ పరీక్షకు సూరిబాబు మూడుసార్లు వెళ్లాడు, మూడుసార్లూ తప్పాడు. మూడోసారి ఫలితం వచ్చినప్పుడు నీహారిక పదో తరగతి. అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, సైకిలెక్కి డ్యూటీకి పోయాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాడు కాబట్టి రాతలో తప్పి ఉంటాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. అతను కాదనలేదు.

ఆ తర్వాత సంగతులు నీహారిక అనుకున్నదానికంటే వేగంగా నడిచాయి. ఒక ఖాళీ నింపడానికి కర్మాగారాలకు ఇదివరకు మూడు నెలలు పట్టేది. ఇప్పుడు ఒక్క పూట చాలు. పది మందిని పిలిచి పట్టీ కట్టి, అంకె చూసి పెద్దదాన్ని తీసుకోవడమే. వెల్డర్లు, క్రేను నడిపేవాళ్లు, లిఫ్టు మెకానిక్కులు, ఏళ్ల తరబడి ఇంకొకరి పేరు చాటున పనిచేసినవాళ్లు వేలమంది పైకి వచ్చారు. వాళ్లలో కొందరు ఆమెకు ఉత్తరాలు రాశారు. మూడో ఏడాదికి ప్రభుత్వం సర్టిఫికెట్ల నిబంధన ఎత్తేసింది. పరీక్షల ఆఫీసు మూసేశారు. మహోదయలో గోడ మీద ఫ్రేము తీసేసి, సూరిబాబును బాయిలర్ ఇన్‌ఛార్జిగా వేశారు. ఆ రోజు అతని భార్య రమణమ్మ బూరెలు వండి వీధంతా పంచింది. పైడినాయుడు ముందే రిటైరై కూతురి దగ్గరకు వెళ్లిపోయాడు.

సూరిబాబు ఇన్‌ఛార్జిగా మూడు గానుగ సీజన్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి.

నాలుగో సీజను చివర్లో, మార్చి నెలలో ఒక మధ్యాహ్నం అతను చెల్లెలికి ఫోను చేశాడు. ఆమె అప్పుడు చెన్నై నుంచి వచ్చిన ఒక బృందానికి యంత్రం చూపిస్తోంది. వాళ్లకు సైగ చేసి కిటికీ దగ్గరికి వచ్చి మాట్లాడింది. అతను రమణమ్మ కాళ్ల నొప్పుల గురించీ, ఎండల గురించీ చెప్పి, చివర్లో మామూలు విషయంలాగే అన్నాడు.

"రెండో బాయిలర్లో ట్యూబు కూత్తంది, నీరూ. సన్నగా. నీళ్లు కూడా ఎక్కువ తాగేత్తంది, ఎక్కడో కారతంది."

"మరి ఆపించకపోయావా?"

"సెప్పాను. నాలుగు రోజుల్లో సీజను అయిపోద్ది, అందాకా లాగించీమన్నారు."

"నీది తొంభై నాలుగు అన్నయ్యా. నీ మాట ఎందుకు వినరు? గట్టిగా చెప్పు."

"ఇంటారులే," అన్నాడు సూరిబాబు. ఆమె సరేనని ఫోను పెట్టేసి బృందం దగ్గరికి వెళ్లిపోయింది.

మూడో రోజు ఉదయం తొమ్మిది దాటాక రెండో బాయిలర్ ట్యూబు పగిలింది. ఆవిరీ, నిప్పూ కలిసి కొలిమి తలుపును తన్నుకుని బయటికి వచ్చాయి. అంతకు అరగంట ముందే సూరిబాబు కొలిమి ముందున్న ముగ్గురినీ బయటికి పంపేశాడు. అప్పన్న అనే అతను బూడిద తియ్యడానికి వెనక ద్వారం నుంచి వచ్చిన సంగతి అతను చూడలేదు. అప్పన్న అక్కడికక్కడే పోయాడు. అతన్ని లాగబోయిన సూరిబాబుకు మెడ, రెండు చేతులు మోచేతుల దాకా ఉడికిపోయాయి.

ఆరు వారాలు ఆసుపత్రిలో ఉంచారు. నీహారిక రోజూ వెళ్లేది. అతను అప్పన్న పిల్లల గురించి అడిగేవాడు, తన చేతుల గురించి అడిగేవాడు కాదు. ఇంటికి తెచ్చాక రమణమ్మ ఎవరూ చెప్పకుండానే కుక్కరు అటక మీద పెట్టేసి, అన్నం గిన్నెలో వండటం మొదలుపెట్టింది.

విచారణ సంఘం వేశారు. ఆ మనిషిని ఆ పనిలో ఎవరు పెట్టారన్నది వాళ్ల మొదటి ప్రశ్న. కర్మాగారం వాళ్లు పనితూకం అంకె చూపించారు. సంఘం ప్రయోగశాలకు రాసింది. ప్రయోగశాల డైరెక్టరు ఇనాయతుల్లా చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. సూరిబాబును మళ్లీ తూస్తే యంత్రం తప్పు చెప్పలేదని తేలిపోతుందన్నాడు. నీహారిక వద్దంది. సూరిబాబే వస్తానన్నాడు. కట్లు విప్పిన చేతులకు తొడుగులు ఎక్కలేదు. తల పట్టీతోనే తూచారు. గోడ మీద కొలిమి వెలగగానే అతని ఒళ్లంతా చెమట పట్టింది. అయినా పదకొండు నిమిషాలూ కదలకుండా కూర్చున్నాడు.

తొంభై ఎనిమిది వచ్చింది.

బాయిలర్ గది గుమ్మం తొక్కలేని మనిషికి, పనిచేసిన రోజుల్లో కంటే పెద్ద అంకె. ఇనాయతుల్లా ఆ కాగితాన్ని సంఘానికి పంపాడు. దానితోపాటు వకీలు సలహా మీద ఒక వాక్యం చేర్చాడు: పనితూకం కొలుస్తుంది, హామీ ఇవ్వదు. అది యంత్రంతోపాటు ఇచ్చే పుస్తకంలో పన్నెండో పేజీలో ఉన్న వాక్యమే. దాన్ని రాసింది నీహారిక. రాసినప్పుడు అది జాగ్రత్త కోసం రాసిన మాట అనుకుంది. ఇప్పుడు చదివితే తప్పించుకోవడానికి రాసినట్టుగా కనిపించింది.

కర్మాగారం వకీలు ఇంకో సంగతి బయటికి తీశాడు. పాత ఆఫీసు దస్త్రాల్లో సూరిబాబు మూడుసార్లు తప్పినట్టు ఉంది. తప్పిన మనిషిని తూచి పెద్ద అంకె ఇచ్చారని, యంత్రమే మోసమని అతని వాదన. నీహారికకు కోపం వచ్చింది. అన్నను తప్పించిన పరీక్షాధికారి పేరు ఆ దస్త్రంలోనే ఉంది. పేరి విశ్వనాథం. ఆయన విజయనగరంలో ఉంటున్నారని కనుక్కుంది. రాతపరీక్షలో ఇంగ్లీషు రాకపోవడం వల్లనే తప్పించామని ఆయన చేత రాయించుకుంటే చాలనుకుని ఒక ఆదివారం బయల్దేరింది.

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. చూపు బాగా మందగించింది. దస్త్రం ఆమె చేతనే చదివించుకుని, పేరు వినగానే గుర్తుపట్టారు.

"రాతలో మీ అన్నయ్య మూడుసార్లూ పాసేనమ్మా. అప్పటికే తెలుగులో రాసుకోనిచ్చేవాళ్లం. చేతిపనిలో అయితే, వచ్చిన ప్రతిసారీ అందరికంటే అతనే మెరుగు."

"మరి ఎందులో తప్పాడండీ?"

"నోటి పరీక్షలో. చివర ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ట్యూబు కారుతోందని నీకు తెలిసింది, మేనేజరు నడపమంటున్నాడు, ఏం చేస్తావు? 'జాగర్తగా నడుపుతాను బాబూ' అన్నాడు. మూడుసార్లూ అదే మాట."

ఆ ఒక్క జవాబుకే అంతకాలం హెల్పరుగా ఉంచేశారా అని నీహారిక అడిగింది.

"ఉంచాను," అన్నారాయన. "సరైన జవాబు ఇదీ అని చెప్పేస్తే నాలుగోసారి వచ్చి అప్పజెప్పేవాడు. అప్పజెప్పిన జవాబు రేపు నిప్పు ముందు నిలబడదు. తనకే తోచి వస్తాడని చూశాను. మళ్లీ రాలేదు. నేను చేసింది సబబో కాదో ఇప్పటికీ నాకు తెలియదమ్మా."

పైడినాయుడి సంగతి ఎత్తింది ఆమె. అతనికి యాభై ఒకటి వచ్చిందని, అలాంటివాణ్ణి ఎలా పాస్ చేశారని నిలదీసింది. ఆయన చెప్పిన సంగతి ఇది. పైడినాయుడికి పని అంతంతమాత్రమే. భయస్తుడు. చిన్న చప్పుడుకే నిప్పు ఆపేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మహోదయను ఆరుసార్లు ఆపాడు, నాలుగుసార్లు అనవసరంగానే. అందుకే మేనేజర్లు అతన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి, మాట వినే మనిషిని నిప్పు దగ్గర పెట్టుకున్నారు. కాని అతను ఆపిన రోజున ఎవరూ మళ్లీ రాజేయలేకపోయేవారు. సర్టిఫికెట్ ఉన్న మనిషి లాగ్‌బుక్‌లో నిప్పు ఆపాలని రాసి సంతకం పెడితే, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా బాయిలర్ ముట్టుకోకూడదని పాత చట్టంలో ఒక నిబంధన ఉండేది. అతని సర్టిఫికెట్ కింద విశ్వనాథం సంతకం ఉండేది. ఏదైనా జరిగితే ఆయన్ని పిలిచి అడిగేవారు. ఆయన్ని రెండుసార్లు పిలిచారు కూడా.

"సర్టిఫికెట్లు ఎత్తేసిన రోజునే ఆ నిబంధన కూడా పోయింది," అన్నారాయన. "అంకె ఉన్నవాడికి పని వచ్చని తెలుస్తుంది. వద్దంటే మాత్రం, మధ్యాహ్నానికల్లా ఇంకో అంకె వస్తుంది."

తిరుగు బస్సులో నీహారిక కిటికీ పక్కన కూర్చుని భీమిలి దాకా ఏమీ ఆలోచించలేకపోయింది. ఆ నిబంధన ఆమె చదవలేదు. తన యంత్రం ఏ కాగితాన్ని అక్కర్లేకుండా చేసిందో, ఆ కాగితం వెనకవైపు ఏముందో తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్లింది. సూరిబాబు అరుగు మీద కూర్చుని, ముడుచుకుపోయిన వేళ్లతో రబ్బరు బంతి నొక్కుతున్నాడు. డాక్టరు చెప్పిన వ్యాయామం అది. ఆమె పక్కన కూర్చుని విజయనగరం వెళ్లొచ్చానని చెప్పింది. అతను బంతి నొక్కడం ఆపాడు.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పీది? రాత రాక పోయిందంటే అందరూ జాలి పడతారు. భయానికి పోయిందంటే ఏటంటారు?" బంతిని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మూడోపాలి ఆ పెద్దాయన అడిగినప్పుడు, కాదు అనాలని తెలిసిపోనాది నాకు. మాట నోటికాడికి వచ్చింది. మళ్లీ అనిపించింది, రేపు ఎల్లీది ఆ మేనేజరుకాడికే గదా, అక్కడ అనలేను గదా అని. అనలేనిది అంతానని అబద్ధమెలా సెప్పీది?"

గుమ్మంలో రమణమ్మ నిలబడి వింటోంది. లోపలికి వెళ్లిపోతుందేమో అనుకుంది నీహారిక. వెళ్లలేదు.

"ఈసారి వద్దని చెప్పావు కదా మరి," అంది నీహారిక.

"సెప్పాను. సాయంత్రానికి ఎనబై ఆరు వోణ్ణి రప్పిత్తాను, నువ్వు ఇంటికెల్లిపో అన్నారు. నాను ఎల్లిపోతే ఆడే గదా నిలబడీది. ఆడికి ఆ కూత ఇనబడదు. నాకయితే ఇనబడతంది, మనుషుల్ని పక్కకన్నా తోలగలను అనుకున్నాను. అందుకే ఉండిపోనాను." అతను బంతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "ముగ్గుర్ని తోలాను. నాలుగోవోణ్ణి సూడనేదు."

ఆమె ఫోనులో గట్టిగా చెప్పమన్న మాట అతను గుర్తు చెయ్యలేదు. చెయ్యకపోవడమే ఆమెకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

ప్రయోగశాలలో ఇనాయతుల్లా అప్పటికే ఒక ఉపాయం ఆలోచించాడు. కాదనే గుణాన్ని కూడా కొలిచి, పనితూకానికి రెండో అంకె చేరుద్దామన్నాడు. కొలవగలిగితే మంచిదే అనుకుంది నీహారిక. నెల రోజుల్లో ప్రయోగం సిద్ధం చేసింది. వేర్వేరు ఊళ్ల నుంచి అరవై మంది బాయిలర్ మనుషులను రప్పించారు. గోడ మీద అదే బాయిలర్ గది, ఎక్కడో సన్నగా కూస్తున్న ట్యూబు, స్పీకరులో మేనేజరు గొంతు. బయట చెరకు లారీలు బారులు తీరాయి, ఆపొద్దు అంటుంది ఆ గొంతు. సగం మందికి ముందుగా ఒక కాగితం ఇచ్చారు. వాళ్ల పేరు మీద సర్టిఫికెట్, దాని వెనక పాత నిబంధన, కింద ఒక పెద్ద ఇంజనీరు సంతకం. వాళ్లు ఆపితే ఆగిపోతుందని, తిరిగి రాజేసే అధికారం మేనేజరుకు లేదని వివరంగా చెప్పారు. మిగతా సగానికి వాళ్ల అంకె మాత్రమే చెప్పారు. ఆరు వారాల తర్వాత అదే అరవై మందిని మళ్లీ పిలిచి, కాగితం లేనివాళ్లకు కాగితమిచ్చి, ఉన్నవాళ్ల దగ్గర తీసేసుకుని తూచారు.

కాగితం చేతిలో ఉన్నప్పుడు నలభై ఏడుగురు బాయిలర్ ఆపారు. లేనప్పుడు ఆపినవాళ్లు పందొమ్మిది మంది.

ఈ అంకెలకంటే నీహారికను ఎక్కువగా నిలవేసినవి గీతలు. కాగితం లేనివాళ్లు కూడా కూత విన్నారు. అందరూ విన్నారు. ప్రతివాళ్ల నరాలలోనూ చెయ్యి నిప్పు ఆపే మీట వైపు కదలడానికి సిద్ధమైంది. గీత లేస్తుంది, మేనేజరు గొంతు వస్తుంది, గీత పడిపోతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. తుని దగ్గర ఒక కాగితపు మిల్లులో పనిచేసే దాసరి కళావతి అనే ఆవిడ గీత పదకొండు నిమిషాల్లో పద్నాలుగుసార్లు లేచి పడింది. ఆవిడ చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. ఆరు వారాల తర్వాత, కాగితంతో వచ్చినప్పుడు, అదే ఆవిడ రెండో నిమిషంలో మీట కిందికి లాగేసి, పక్కనున్న స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. పనితూకం రెండుసార్లూ ఆవిడకు డెబ్బై ఎనిమిదే ఇచ్చింది.

నీహారిక పాత నిల్వల్లోంచి అన్న గీతను తీసి చూసింది. అందులో మేనేజరు గొంతు లేదు. ఆ గొంతు పెట్టాలని అప్పుడు తనకు తోచలేదు.

"రెండో అంకె రాదు," అని ఇనాయతుల్లాకు చెప్పింది. "ఒకే మనిషికి రెండు రోజులు రెండు రకాలుగా వస్తోంది. మనిషిని బట్టి కాదు, చేతిలో కాగితాన్ని బట్టి మారుతోంది."

అయితే ఈ ప్రయోగం బయట పెట్టాల్సిన అవసరమేముందని అడిగాడతను. ఇంకా లోతుగా పరిశోధిస్తున్నామని సంఘానికి చెబితే సరిపోతుందన్నాడు. మనిషి సంతకం అక్కర్లేకుండా చెయ్యడమే పనితూకం విలువ, ఆ విలువను మనమే తీసేసుకుంటామా అన్నాడు. అతని మాటలో నిజముందని నీహారికకు తెలుసు. ఆ యంత్రం వల్ల పైకి వచ్చిన వేలమంది సంగతీ తెలుసు. అయినా గీతలన్నీ తీసుకెళ్లి సంఘం బల్ల మీద పెట్టింది. పన్నెండో పేజీలో వాక్యం తానే రాశానని, అది రాసేటప్పుడు హామీ ఎవరిస్తారన్నది ఆలోచించలేదని చెప్పింది. సంఘంలో ఒకాయన, మీ అన్నగారు కాకపోతే ఇదంతా చేసేవారా అని అడిగాడు. చేసేదాన్ని కాదేమో అంది.

పద్నాలుగు నెలలకు సర్టిఫికెట్లు తిరిగి వచ్చాయి. పనితూకం పోలేదు. దరఖాస్తులో అది ఒక గడి అయింది. చదువు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదన్నారు. కాని ఒక మనిషి ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగి, కింద తన పేరు రాసి సంతకం పెట్టాలి. పాత నిబంధన మళ్లీ చట్టంలో చేరింది. పరీక్షాధికారులు మాత్రం దొరకలేదు. పాతవాళ్లు కొందరు పోయారు, కొందరికి ఓపిక లేదు. కొత్తవాళ్లకు, ఇంకొకరి పనికి తమ పేరు పూచీ పెట్టడం ఇష్టం లేదు.

నీహారిక ప్రయోగశాల వదిలేసి, పరీక్షాధికారి కావడానికి రాయాల్సిన పరీక్షకు చదివింది. సూరిబాబు అన్నాల బల్ల మీద గ్లాసులూ గిన్నెలూ పెట్టి, ఇది ఆవిరి చేరే డ్రమ్ము, ఇది లోపలికెళ్లే నీళ్లను ముందే వేడిచేసే ఎకనమైజరు అని చెప్పేవాడు. నరాల శాస్త్రం చదివిన ఆమెకు కొలిమి సంగతులు తొందరగా తలకెక్కేవి కావు. మొదటిసారి తప్పింది. రెండోసారి గట్టెక్కింది. ఆమె సంతకంతో వెళ్లిన మొదటి సర్టిఫికెట్ దాసరి కళావతిది.

మరుసటి జనవరిలో కళావతి ఒక చక్కెర కర్మాగారంలో చేరింది. చేరిన మూడో వారంలో, ఒక సోమవారం పొద్దున, కూత వినిపిస్తోందని లాగ్‌బుక్‌లో రాసి నిప్పు ఆపేసింది. ఇన్‌స్పెక్టరు రావడానికి ముప్ఫై గంటలు పట్టింది. బాయిలర్ చల్లార్చి లోపలికి దిగి చూస్తే ట్యూబులన్నీ బాగానే ఉన్నాయి. లోపల ఒక అడ్డురేకు వదులై, గాలికి కొట్టుకుని కూస్తోంది. అంతే.

రెండు రోజుల తర్వాత ఆ కర్మాగారం జనరల్ మేనేజరు, వెంట ఒక చెరకు రైతు నీహారిక ఆఫీసుకు వచ్చారు. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ఆవిడకు సర్టిఫికెట్ ఇవ్వడంలో పొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాసిస్తే మర్యాదగా పంపించేస్తామన్నాడు. రైతు పేరు కర్రి నూకరాజు. అతను మర్యాద పాటించలేదు. ముప్ఫై గంటలు రోడ్డు మీద ఎండలో లోడు ఎండిపోయిందని, బండి కింద పడుకున్నామని, దానికెవరు జవాబు చెబుతారని అడిగాడు. నీహారిక అతను చెప్పింది మొత్తం విని, నేనేనండి అంది.

వాళ్లను కూర్చోబెట్టి బయటికి వచ్చి కళావతికి ఫోను చేసింది. నీహారికలోనూ అనుమానం ఉంది. డెబ్బై ఎనిమిది పెద్ద అంకె కాదు. అన్నయితే ఆ చప్పుడు ట్యూబుది కాదని గుర్తుపట్టేవాడేమో. తను తొందరపడి సంతకం పెట్టిందేమో.

"ట్యూబే అనుకున్నాను మేడమ్," అంది కళావతి. గొంతు పీలగా ఉంది. "కాదంట. అందరూ నవ్వుతున్నారు."

"రేపు మళ్లీ అలాంటి చప్పుడు వినిపిస్తే ఏం చేస్తారు?"

అవతల కర్మాగారం మోత వినిపిస్తోంది.

"ఆపుతాను," అంది కళావతి.

నీహారిక లోపలికి వచ్చి, సర్టిఫికెట్ ఇవ్వడంలో పొరపాటు జరగలేదని, అది చెల్లుతుందని రెండు వాక్యాలు రాసి, కింద పేరు, సంతకం, తేదీ వేసి మేనేజరుకు ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, పైవాళ్లకు రాస్తానన్నాడు. రాయమంది.

సాయంత్రం అన్న ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పింది. సూరిబాబు ముందు చప్పుడు గురించే అడిగాడు. సన్నగా ఉందా బొంగురుగా ఉందా, ఆగి ఆగి వచ్చిందా, మంట పెంచితే పెరిగిందా అని. తనకు తెలిసినంత చెప్పింది.

"నానయితే రేకని పోల్చీవోణ్ణి," అన్నాడతను. "ఆపీసిందా అయితే?"

"ఆపేసింది."

"మేనేజరు ఎదురుగానే?"

"ఆయన వద్దంటుంటేనే. లాగ్‌బుక్‌లో రాసి, సంతకం పెట్టి, ఆపేసిందట."

"మళ్లీ రాజీనేదా ఎవులూ?"

"ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోలేదు."

సూరిబాబు తలుపు వైపు తిరిగి లోపలికి కేకేశాడు. "రమణా, ఓపాలి ఇలా రా. నీరు ఏదో సెప్తంది, ఇను." రమణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం మీద కూర్చుంది. అతను చెల్లెలి వైపు తిరిగి, మొదటి నుంచి చెప్పమన్నాడు.